ఇద్దరి మధ్యే ఉండే చాట్‌ను సిద్ధం చేసుకోవడం ఎలా

ఇంటర్నెట్‌లో ఇద్దరు మాట్లాడుకునే మాటలు మూడో వ్యక్తి కంట పడకుండా ఉండాలంటే మంచి యాప్ ఒకటి దింపుకుంటే చాలునని చాలామంది అనుకుంటారు. యాప్ దింపుకోవడం నిమిషాల పని. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. సందేశాన్ని దారిలో ఎవరూ చదవకుండా చూసే సాంకేతికత నేడు ఉచితంగా, నిపుణుల పరీక్షకు నిలిచిన రూపంలో దొరుకుతోంది గాని, అవతల ఉన్నది మీరనుకుంటున్న మనిషేనా, మీ ఇద్దరి ఫోన్లలో ఆ మాటలు ఎంతకాలం, ఏ రూపంలో మిగిలి ఉంటాయి అనే రెండు ప్రశ్నలను ఏ యాప్ కూడా తనంతట తాను తేల్చలేదు. ఇంకొక మాట ముందే చెప్పాలి. కింద చెప్పిన పనులను ఇద్దరూ చేసుకోవాలి. ఒకరు అన్నీ సరిచూసుకుని, రెండోవారు ఏమీ పట్టించుకోకపోతే ఆ చాట్ రెండోవారి ఫోన్ ఎంత భద్రంగా ఉంటే అంత భద్రంగానే ఉంటుంది.

ఏ ప్రోగ్రామ్ ఎంచుకోవాలి

మొదట చూడవలసిన గుణం ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్. సందేశానికి పంపేవారి ఫోన్‌లోనే తాళం పడి, అందుకునేవారి ఫోన్‌లోనే అది తెరుచుకోవాలి; మధ్యనున్న సర్వర్ దాన్ని మోసుకుపోవాలే తప్ప చదవగలిగి ఉండకూడదు. రెండో గుణం, ఆ రక్షణ అడగకుండానే ప్రతి చాట్‌కూ వర్తించడం. 2013లో వచ్చిన టెలిగ్రామ్‌లో ఈ రెండోది లేదు. అక్కడి మామూలు చాట్లకు ఎండ్ టు ఎండ్ రక్షణ ఉండదు. అది కావాలనుకునేవారు సీక్రెట్ చాట్‌ను విడిగా మొదలుపెట్టాలి, అది కూడా మొదలుపెట్టిన పరికరంలో తప్ప మరోచోట కనిపించదు. మూడో గుణం గురించి తక్కువమంది ఆలోచిస్తారు: సందేశంలోని మాటలు సరే, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరాన్ని నడిపే సంస్థ ఎంత దాచుకుంటోంది?

ఈ మూడు లెక్కలూ చూసుకుంటే, మామూలు వాడుకరికి నేను సూచించేది సిగ్నల్. లాభాపేక్ష లేని సిగ్నల్ ఫౌండేషన్ 2018లో ఏర్పడింది. యాప్ కోడ్ ఎవరైనా చదివి చూసుకోవచ్చు. 2016లో అమెరికాలోని వర్జీనియా తూర్పు జిల్లాలో ఒక గ్రాండ్ జ్యూరీ (నేరారోపణకు తగిన ఆధారాలున్నాయా అని చూసే పౌరుల బృందం) ఉత్తర్వుతో వివరాలు కోరినప్పుడు, ఈ యాప్‌ను నడిపేవారు ఇవ్వగలిగింది ఖాతా తెరిచిన సమయమూ, చివరిసారి సర్వర్‌తో కలిసిన తేదీ మాత్రమే. అంతకుమించి వారి దగ్గర లేదు. అందువల్ల ఇక్కడి మెట్లన్నీ సిగ్నల్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. వేరే యాప్ వాడక తప్పనివారి సంగతి చివరలో ఉంది.

దింపుకోవడం, నమోదు

ఫోన్‌లోని ప్లే స్టోర్ నుంచో, యాప్ స్టోర్ నుంచో సిగ్నల్‌ను దింపుకోండి. ఎవరో పంపిన లింకును నొక్కి దింపుకోవద్దు. అదే పేరుతో, అదే బొమ్మతో తిరిగే నకిలీలు ఉంటాయి. యాప్ తెరిచాక ఫోన్ నంబరు అడుగుతుంది, దానికి ఒక కోడ్ వస్తుంది. ఆ నంబరుకు చెందిన సిమ్ అదే ఫోన్‌లో ఉండాలన్న నియమమేమీ లేదు, కోడ్ మీ చేతికి అందితే చాలు. ఆ కోడ్‌ను ఎవరు అడిగినా చెప్పకండి, అడిగినవారు ఆ సంస్థ ఉద్యోగినని చెప్పుకున్నా సరే.

నమోదు సమయంలో కాంటాక్టులు చూడటానికి యాప్ అనుమతి కోరుతుంది. ఒక్క మనిషితో మాట్లాడటానికే ఈ ఏర్పాటంతా అయితే ఆ అనుమతి నిరాకరించినా పనికి ఇబ్బంది లేదు. ఆ ఒక్కరినీ నంబరుతోనో, యూజర్‌నేమ్‌తోనో వెతుక్కోవచ్చు.

తర్వాత పిన్ పెట్టుకోమంటుంది. ఇది ఫోన్ తెర తాళానికి సంబంధించిన పిన్ కాదు, యాప్ తెరవడానికి అడిగేదీ కాదు. కొత్త ఫోన్‌లో మీ ప్రొఫైల్‌ను, సెట్టింగులను తిరిగి తెచ్చుకోవడానికి ఉపయోగపడేది. కనీసం నాలుగు అంకెలు ఉండాలి, అక్షరాలు కలిపి పొడుగ్గా పెట్టుకుంటే ఇంకా మంచిది. పిన్ పెట్టుకున్నంత మాత్రాన మీ నంబరుకు కాపలా ఏర్పడదని గమనించండి. సెట్టింగ్స్‌లో అకౌంట్ విభాగంలోకి వెళ్లి రిజిస్ట్రేషన్ లాక్‌ను వేరుగా ఆన్ చేయాలి. అది ఆన్‌లో ఉంటే, మీ సిమ్‌ను మోసంతో సంపాదించి వచ్చిన కోడ్‌తో మీ పేరిట నమోదు చేసుకోబోయిన వ్యక్తిని కూడా యాప్ పిన్ అడుగుతుంది. ఇంత ముఖ్యమైన మీటను మొదటి తెరమీదే ఎందుకు చూపించరో నాకు బోధపడదు. పిన్ మరిచిపోతే సంస్థ దాన్ని తిరిగి ఇవ్వలేదు గనుక గుర్తుండేలా పెట్టుకోండి, లేదా పాస్‌వర్డ్ మేనేజర్‌లో రాసుకోండి.

నంబరు ఎవరికి కనిపించాలి

2024 ఫిబ్రవరి నుంచి సిగ్నల్‌లో యూజర్‌నేమ్ సదుపాయం వచ్చింది. ఖాతా తెరవడానికి నంబరు ఇప్పటికీ కావాలి గాని, మాట్లాడబోయే వ్యక్తికి దాన్ని ఇవ్వనక్కర్లేదు. ప్రొఫైల్‌లోకి వెళ్లి యూజర్‌నేమ్ సృష్టించుకోండి. దాని చివర కనీసం రెండు అంకెలు ఉంటాయి. పేరును పూర్తిగా, అక్షరం తప్పకుండా కొట్టినవారికే మీరు దొరుకుతారు, సగం పేరు కొట్టి జాబితాలో వెతకడానికి వీలుండదు. దాన్నే క్యూఆర్ కోడ్‌గానో లింకుగానో కూడా ఇవ్వవచ్చు. అసలు పేరును గాని, ఇతర సైట్లలో వాడే పేరును గాని ఇక్కడ మళ్లీ వాడకపోవడం మేలు, ఎందుకంటే ఆ రెండింటినీ ముడిపెట్టడం ఎవరికైనా సులువు.

ఆపైన ప్రైవసీ విభాగంలో ఫోన్ నంబర్ అన్న చోట రెండు విడి ప్రశ్నలు కనిపిస్తాయి: మీ నంబరును ఎవరు చూడవచ్చు, నంబరు ద్వారా మిమ్మల్ని ఎవరు కనుక్కోవచ్చు. మొదటిదానికి ఎవరికీ కనిపించకూడదన్నదే మామూలుగా ఉండే జవాబు. రెండోది మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది. అంటే మీ నంబరు ఇప్పటికే తెలిసిన ప్రతివారికీ మీరు సిగ్నల్‌లో ఉన్నారని తెలిసిపోతుంది. అది ఇష్టం లేకపోతే దాన్ని కూడా ఎవరికీ అని మార్చండి. ఇలా మార్చాక మిమ్మల్ని చేరాలంటే యూజర్‌నేమ్ తెలిసి ఉండాలి గనుక, మాట్లాడబోయే వ్యక్తికి దాన్ని ముందుగానే చెప్పండి.

అవతల ఉన్నది ఎవరు

ఈ ఏర్పాటులో అందరూ వదిలేసేది ఇదే, వదలకూడనిదీ ఇదే.

యాప్‌ను మొదటిసారి తెరిచినప్పుడు మీ ఫోన్ సందేశాల తాళానికి వాడే ఒక జత కీలను తయారుచేసుకుంటుంది. ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉంటుంది, పబ్లిక్ కీ సర్వర్‌కు చేరుతుంది. మీరు ఒకరికి మొదటి సందేశం పంపబోయినప్పుడు వారి పబ్లిక్ కీని మీకు అందించేది ఆ సర్వరే. ఆ సర్వర్‌ను చెప్పుచేతల్లో పెట్టుకున్నవారెవరైనా అసలు కీకి బదులు తమ కీని మీ చేతిలో పెట్టారనుకోండి. అప్పుడు మీ సందేశం వారి దగ్గర తెరుచుకుని, వారు చదివాక మళ్లీ తాళం వేసుకుని అవతలివారికి చేరుతుంది; మీకూ తేడా తెలియదు, వారికీ తెలియదు. ఎన్‌క్రిప్షన్ ఏ లోపమూ లేకుండా పనిచేస్తూనే ఉంటుంది, కాకపోతే తప్పు మనిషితో.

దీన్ని పట్టుకోవడానికి ఉన్నదే సేఫ్టీ నంబర్. ఇద్దరి పబ్లిక్ కీల నుంచి లెక్కగట్టిన 60 అంకెల సంఖ్య అది, అయిదేసి అంకెల చొప్పున 12 గుంపులుగా కనిపిస్తుంది. మధ్యలో ఎవరూ చొరబడకపోతే రెండు ఫోన్లలోనూ ఒకే సంఖ్య ఉంటుంది, చొరబడితే ఉండదు. ఒకరి సందేశాలు ఒకరికి అందాకే ఆ సంఖ్య కనిపిస్తుంది గనుక, ముందు యూజర్‌నేమ్‌తో వెతికి మామూలు పలకరింపు ఒకటి పంపండి. అవతలివారికి అది అభ్యర్థన రూపంలో వెళ్తుంది, వారు అంగీకరించి జవాబిచ్చాక చాట్ తెరలో పైనున్న పేరును నొక్కి సేఫ్టీ నంబర్‌ను తెరవండి.

ఇద్దరూ ఒకచోట కలవగలిగితే ఒకరి తెరమీది క్యూఆర్ కోడ్‌ను మరొకరు స్కాన్ చేస్తే సరిపోతుంది. కలవలేనివారు మామూలు ఫోన్ కాల్‌లోనో, మరో యాప్‌లో వీడియో కాల్ చేసుకునో అంకెలను చదివి సరిచూసుకోవాలి. సరిచూడవలసిన సంఖ్యను అదే చాట్‌లో సందేశంగా పంపడం మాత్రం పనికిరాదు. మధ్యలో ఎవరైనా ఉంటే ఆ అంకెలను కూడా మార్చి పంపగలరు. మొదటి గుంపూ చివరి గుంపూ చదివి సరిపోయాయని వదిలేసేవారున్నారు. మొత్తం 12 గుంపులూ చదవండి, పెద్దగా సమయం పట్టదు. గొంతును అనుకరించే సాధనాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి గనుక, చదివేముందు మీ ఇద్దరికి మాత్రమే తెలిసిన విషయమేదైనా ఒకటి అడగడం కూడా అతి జాగ్రత్త కాదు. అంకెలు కలిస్తే వెరిఫైడ్‌గా గుర్తు పెట్టండి.

తర్వాత ఎప్పుడైనా సేఫ్టీ నంబర్ మారిందని చాట్‌లో సూచన కనిపించవచ్చు. చాలాసార్లు దానికి కారణం మామూలుదే: అవతలివారు కొత్త ఫోన్ తీసుకుని ఉంటారు, లేదా యాప్‌ను తీసివేసి మళ్లీ పెట్టుకుని ఉంటారు. కంప్యూటర్‌ను జతచేసుకున్నందువల్ల మాత్రం ఈ సంఖ్య మారదు. కాబట్టి మార్పు కనిపించగానే మాటలు ఆపి, వేరే దారిలో కారణం అడిగి, కొత్త సంఖ్యను మళ్లీ సరిచూసుకున్నాకే కొనసాగించండి. ఇది కూడా గుర్తుంచుకోవాలి: సంఖ్య కలిసిందంటే ఫోన్ సరైనదని అర్థం, ఆ క్షణంలో ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో అది చెప్పదు.

ఫోన్‌లలో మిగిలేవి

సిగ్నల్ వాడే పద్ధతిలో ప్రతి సందేశానికీ కొత్త కీ పుడుతుంది, వాడిన కీ చెరిగిపోతుంది. అందువల్ల దారిలో పోగుచేసిన పాత సందేశాలను, రేపు మీ ఫోన్ దొరికినా, ఆ ఫోన్‌లోని కీలతో తెరవలేరు. అయితే అదే సందేశాలు చాట్‌లో చదవడానికి సిద్ధంగా కనిపిస్తుంటే వాటి కోసం కీలు వెతకవలసిన పనేముంది? అందుకే డిసప్పియరింగ్ మెసేజెస్ వాడాలి. ఒక సెకను నుంచి నాలుగు వారాల దాకా ఎంత గడువైనా పెట్టవచ్చు. పంపినవారి ఫోన్‌లో పంపినప్పటినుంచి, అందుకున్నవారి ఫోన్‌లో చదివినప్పటినుంచి ఆ గడువు లెక్కకు వస్తుంది. ఇద్దరి చాట్‌లో ఈ గడువును ఎవరైనా మార్చవచ్చు, మార్చిన సంగతి ఇద్దరికీ కనిపిస్తుంది. మరీ చిన్న గడువు పెడితే తిరిగి చూసుకోవలసిన విషయం పోతుంది, ఆ చిరాకుతో చివరికి గడువునే తీసేస్తారు. వారం రోజులు చాలామందికి సరిపోతుంది. అవతలివారు తెరను ఫొటో తీసుకోదలిస్తే మాత్రం ఈ గడువు ఆపలేదు.

మామూలుగా ఎవరూ గమనించని చోటు నోటిఫికేషన్. లాక్ అయిన తెరమీద పేరూ సందేశమూ రెండూ కనిపిస్తుంటే ఫోన్‌కు తాళం ఉండీ లేనట్టే. అంతేకాదు, ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ హిస్టరీ అనే సదుపాయం ఉంది. దాన్ని ఆన్ చేసి ఉంచితే గడచిన 24 గంటల నోటిఫికేషన్లు అందులో దొరుకుతాయి, చాట్‌లో సందేశం మాయమయ్యాక కూడా. సిగ్నల్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి పేరు, సందేశం రెండూ కనిపించకుండా ఉండే అవకాశాన్ని ఎంచుకోండి.

ప్రైవసీ విభాగంలో ఇంకో మూడు మీటలున్నాయి. స్క్రీన్ లాక్ ఆన్ చేస్తే, ఫోన్ తెరిచి ఉన్నా చాట్‌లోకి వెళ్లాలంటే వేలిముద్రో, ముఖమో, ఫోన్ పిన్నో అడుగుతుంది. స్క్రీన్ సెక్యూరిటీ ఆన్ చేస్తే ఇటీవల వాడిన యాప్‌ల జాబితాలో చాట్ బొమ్మ కనిపించదు. ఆండ్రాయిడ్‌లో ఇన్‌కాగ్నిటో కీబోర్డ్ అని మూడోది ఉంది. మీరు కొట్టిన మాటలను నేర్చుకోవద్దని అది కీబోర్డును కోరుతుంది. ఇది కోరిక మాత్రమే, కీబోర్డు వినాలన్న నిర్బంధం లేదు. తెలుగు టైపింగ్ కోసం ఏదో ఒక కీబోర్డు యాప్‌ను దింపుకుని వాడేవాళ్లం ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే ఎన్‌క్రిప్షన్ జరగకముందే ప్రతి అక్షరమూ ఆ యాప్ చేతుల మీదుగా పోతుంది. ఫోన్‌తో వచ్చిన కీబోర్డులోనే తెలుగు ఉంటే దానితోనే సరిపెట్టుకోండి.

కాల్స్ చేసుకునే ఉద్దేశం ఉంటే ఆల్వేస్ రిలే కాల్స్‌ను కూడా చూడండి. కాల్ నేరుగా కలిసినప్పుడు మీ ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య, అవతలివారికి తెలిసే వీలుంది. ఈ మీట వేస్తే కాల్ సిగ్నల్ సర్వర్ మీదుగా పోతుంది, నాణ్యత కాస్త తగ్గవచ్చు. సన్నిహితులతో మాట్లాడేవారికి ఇది అవసరం లేదు.

కంప్యూటర్‌ను జతచేయడం

ఫోన్‌కు తోడు అయిదు పరికరాల వరకు జతచేసుకోవచ్చు. సిగ్నల్ డెస్క్‌టాప్‌ను అధికారిక సైట్ సిగ్నల్ డాట్ ఆర్గ్ నుంచి దింపుకుని, అది చూపే క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌లోని లింక్డ్ డివైసెస్ ద్వారా స్కాన్ చేయాలి. స్కాన్ మీరే మొదలుపెట్టాలి, మీ ఎదుటి కంప్యూటర్ తెరమీది కోడ్‌నే స్కాన్ చేయాలి. గ్రూపు ఆహ్వానం పేరుతో మోసపు కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసినవారి ఖాతాకు తమ కంప్యూటర్‌ను జతచేసుకునే పద్ధతిని రష్యాకు అనుకూలంగా పనిచేసే బృందాలు వాడుతున్నాయని 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా విభాగం బయటపెట్టింది. అలా జతపడిన పరికరానికి ఆపై ప్రతి సందేశమూ చేరుతుంది, సేఫ్టీ నంబర్ మారదు, ఎన్‌క్రిప్షన్ భంగపడదు. కాబట్టి లింక్డ్ డివైసెస్ జాబితాను అప్పుడప్పుడు తెరిచి, గుర్తుపట్టలేనిది ఏదైనా ఉంటే వెంటనే తీసేయండి.

విండోస్ 11లో తెరమీది దృశ్యాలను ఎప్పటికప్పుడు బొమ్మలుగా దాచే రీకాల్ సదుపాయం వచ్చినందువల్ల, 2025 మే నుంచి సిగ్నల్ డెస్క్‌టాప్ విండోస్ 11లో స్క్రీన్ సెక్యూరిటీని తానే ఆన్ చేసి ఉంచుతోంది. దాన్ని ఆపకండి. ఇంట్లోనో ఆఫీసులోనో మరొకరితో పంచుకునే కంప్యూటర్ అయితే అసలు జతచేయకపోవడమే నయం.

బ్యాకప్

2025 సెప్టెంబర్‌లో సిగ్నల్ మొదట ఆండ్రాయిడ్‌లో సెక్యూర్ బ్యాకప్స్‌ను ప్రవేశపెట్టింది. 64 అక్షరాల రికవరీ కీ ఒకటి ఇస్తుంది; అది పోతే బ్యాకప్‌ను ఎవరూ తెరవలేరు. ఆ కీని కాగితం మీద రాసి భద్రపరచగలనని నమ్మకం ఉన్నవారే దీన్ని ఆన్ చేసుకోవాలి. ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్‌గా దాచుకోవద్దు, గ్యాలరీ ఏ క్లౌడ్‌కు పోతుందో చాలామందికి తెలియదు. ఒక్కరితో మాట్లాడే చాట్ కోసం బ్యాకప్ అవసరమా అని అడిగితే, అవసరం లేదనే అంటాను.

అవతలివారు సిగ్నల్‌కు రాకపోతే

వాట్సాప్‌లో 2016 ఏప్రిల్ నుంచి అన్ని చాట్లకూ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, దానికి వాడేది సిగ్నల్ పద్ధతే. అక్కడ కూడా కాంటాక్ట్ వివరాల్లో ఎన్‌క్రిప్షన్ అన్నచోట 60 అంకెల సెక్యూరిటీ కోడ్ ఉంటుంది, దాన్ని పైన చెప్పినట్టే సరిచూసుకోవాలి. కోడ్ మారినప్పుడు తెలియజేసే సెక్యూరిటీ నోటిఫికేషన్స్‌ను సెట్టింగ్స్‌లో మీరే ఆన్ చేయాలి. అసలు చిక్కు బ్యాకప్ దగ్గర ఉంది: క్లౌడ్‌కు పోయే బ్యాకప్‌కు ఎండ్ టు ఎండ్ రక్షణ 2021లో వచ్చినా, కోరి ఆన్ చేసుకున్నవారికే వర్తిస్తుంది. మీరు ఆన్ చేసుకుని అవతలివారు చేసుకోకపోతే, మీ మాటలన్నీ వారి బ్యాకప్‌లో ఆ రక్షణ లేకుండా ఉంటాయి. కాబట్టి ఇద్దరూ ఒకేసారి ఆన్ చేసుకోండి, లేదా బ్యాకప్‌నే ఆపేయండి.

ఫోన్ నంబరు ఎక్కడా ఇవ్వకూడదనుకునేవారికి ఎక్స్‌ఎంపీపీ అనే పాత దారి ఉంది, ఇది ఏ ఒక్క సంస్థకూ చెందని చాట్ పద్ధతి. ఈమెయిల్ మాదిరి చిరునామాతో ఏదో ఒక సర్వర్‌లో ఖాతా తెరిచి, ఆండ్రాయిడ్‌లో కాన్వర్సేషన్స్ యాప్‌ను, కంప్యూటర్‌లో గాజిమ్‌ను గాని డీనోను గాని పెట్టుకుని, చాట్‌లో ఒమెమో ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందని చూసుకుని, ఒకరి కీ ఫింగర్‌ప్రింట్‌ను, అంటే ఆ కీని గుర్తించే అంకెలూ అక్షరాల వరుసను, మరొకరు సరిచూసుకోవాలి. ఇందులో మాటలు గోప్యంగానే ఉంటాయి గాని, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో సర్వర్ నడిపేవారికి కనిపిస్తుంది. ఓపిక ఉన్నవారికి ఇది మంచి దారే, అవతలివారికి కూడా అంతే ఓపిక ఉంటే.

ఫోన్ పోయినా, నంబరు వదిలేసినా

ఫోన్ పోతే ముందు గూగుల్ లేదా యాపిల్ ఇచ్చే సదుపాయంతో దాన్ని దూరం నుంచే చెరిపేయండి. తర్వాత అదే నంబరుతో కొత్త ఫోన్‌లో సిగ్నల్‌ను నమోదు చేయండి. దానితో పాత ఫోన్‌కు కొత్త సందేశాలు చేరడం ఆగిపోతుంది, కానీ అందులో అప్పటికే ఉన్నవి పోవు. చెరపడం ముందు, నమోదు తర్వాత అని చెప్పడానికి కారణం ఇదే. అవతలివారికి సేఫ్టీ నంబర్ మార్పు కనిపిస్తుంది గనుక, వారు అడగకముందే కాల్ చేసి విషయం చెప్పి కొత్త సంఖ్యను కలిసి సరిచూసుకోండి.

టెలికాం సంస్థలు వాడకంలో లేని నంబర్లను కొంతకాలానికి మరొకరికి ఇచ్చేస్తాయి. నంబరు మార్చేవారు పాత సిమ్ పనిచేయడం మానకముందే అకౌంట్ విభాగంలో ఛేంజ్ ఫోన్ నంబర్ ద్వారా ఖాతాను కొత్త నంబరుకు మార్చుకోవాలి. ఇక సిగ్నల్ వాడదలచుకోకపోతే అదే విభాగంలో డిలీట్ అకౌంట్‌ను ఎంచుకోవాలి. యాప్‌ను ఫోన్ నుంచి తీసివేసినంత మాత్రాన ఖాతా రద్దు కాదు.